సంగీత పత్రిక డిజైన్ చేయడం ఎలా: ఏ పద్ధతి పాటించాలి, ఏది ఎక్కడ తప్పాలి

“అన్ని పత్రికల్లా ఉండకూడదండీ, కొత్తగా ఉండాలి. కానీ చూడగానే సంగీతం పత్రిక అని తెలిసిపోవాలి.” పేజీ మేకప్ చేసుకు బతికే నాకు ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో వినడం అలవాటైపోయింది. కాలేజీలో ప్రాజెక్టు కోసం సంగీత పత్రిక తయారు చేస్తున్న పిల్లలు అడుగుతారు. ఆరాధనోత్సవాలకి సావనీర్ తెచ్చే సభల కార్యదర్శులు అడుగుతారు. అమెరికా నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసే తెలుగు సంఘాల వాళ్లూ అదే అడుగుతారు. ఫోన్లో చెప్పిందే చెప్పే కంటే ఒకసారి రాసి పెట్టడం మేలనిపించింది.

మీరు సంగీతం తెలిసినవాళ్లే గనక ఒక్క పోలిక చెప్పి పనిలోకి దిగుతాను. కాంభోజి రాగంలో ఉండేది కైశికి నిషాదం, అంటే కాస్త తగ్గు ‘ని’. కాకలి నిషాదం, అంటే కాస్త హెచ్చు ‘ని’, దాని సొత్తు కాదు. అయినా ‘స ని ప ద స’ అనే చోట ఆ కాకలి వచ్చి వెళ్తుంది, చెవికి ఇంపుగానే ఉంటుంది. అదే నిషాదాన్ని ప్రతి సంచారంలోనూ పెడితే వినేవాడు కాంభోజి అనడు. పత్రికలో పద్ధతి తప్పడం కూడా ఇంతే. ఒక సంచికలో ఒక చోట, తెలిసి తప్పాలి.

ఏది తప్పవచ్చో తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఇది. పద్ధతులు రెండు రకాలు: పాఠకుడి చేతికి సంబంధించినవి, కంటికి సంబంధించినవి. పేజీ నంబరు ఎక్కడుంది, విషయసూచిక ఎక్కడుంది, ఈ కాలమ్ అయ్యాక ఏ కాలమ్ చదవాలి, ఇవి చేతి పద్ధతులు. వీటిని ముట్టుకోకండి. కవర్ మీద మనిషి ముఖమే ఉండాలి, శాస్త్రీయ సంగీతమంటే మెరూన్ రంగు మీద బంగారు అంచు ఉండాలి, పేరు పేజీ వెడల్పంతా ఉండాలి, ఇవి కంటి పద్ధతులు. తప్పాలని సరదా పుడితే వీటిలో తప్పండి.

కావలసినవి

- మీరు వేయబోయే రకం పత్రికలు కనీసం పది. శాస్త్రీయమైతే శాస్త్రీయం, సినిమా పాటలైతే సినిమా, ర్యాప్ అయితే ర్యాప్. పాత సావనీర్లు కూడా పనికొస్తాయి.
- ఏ4 తెల్ల కాగితాలు 9, పెన్సిలు, స్కేలు.
- ఇన్‌డిజైన్. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇది. డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్, కానీ 1.6 లేదా ఆ తర్వాతి వెర్షనే. పాత 1.4లో తెలుగు గుణింతాలూ ఒత్తులూ చెల్లాచెదురైపోతాయి.
- యూనికోడ్ తెలుగు ఫాంట్లు మూడు, అంతకంటే వద్దు. మేటర్‌కి, అంటే లోపలి వ్యాసాలకి, ఒకటి (తిరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి లాంటివి), శీర్షికలకి ఒకటి (రామభద్ర, ధూర్జటి లాంటివి), మూడోది మీ ‘కాకలి నిషాదం’ కోసం, అంటే తెలిసి తప్పే ఆ ఒక్క చోటు కోసం. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.
- ఒరిజినల్ ఫోటోలు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినవి కుదించుకుపోయి ఉంటాయి. ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి.
- ప్రెస్ వాళ్ల నంబరు. డిజైన్ అయ్యాక కాదు, ఇప్పుడే.

ఈ గైడ్‌లో లెక్కలన్నీ ఏ4 సైజు, లోపల 32 పేజీలు, కవర్ 4 పేజీలు, సెంటర్ పిన్నింగ్ (మడత మీద పిన్నులు కొట్టే బైండింగ్) అనుకుని చెబుతున్నాను. అచ్చు అమెరికాలో అయితే అక్కడ లెటర్ సైజు వాడతారు. వెడల్పు 216 మి.మీ., ఎత్తు 279 మి.మీ. ఏ4 కంటే 18 మి.మీ. పొట్టి. ఏ4లో చేసి చివర్లో కోసేద్దామనుకుంటే కింది వరస పేజీ నంబర్లు ఎగిరిపోతాయి.

1. పది పత్రికలు నేల మీద పరవండి

నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీయండి. పదింటిలో కనీసం ఎనిమిదింటిలో కనిపించినవన్నీ మొదటి గడిలో రాయండి: పేరు పైన, ఒక్క పెద్ద ముఖం, ఆ ముఖం మనవైపే చూడడం, ఎడమ పక్కన చిన్న శీర్షికలు, కింద బార్‌కోడ్, లోపల రెండు మూడు కాలమ్‌లు, ఇంటర్వ్యూ మధ్యలో పెద్ద అక్షరాల్లో ఒక మాట. ఒకటి రెండింటిలో మాత్రమే కనిపించినవి రెండో గడిలో రాయండి. మొదటి గడి మీ రాగలక్షణం.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు, బయటి దేశాల పత్రికల్లో పద్ధతి తప్పిన పేజీలే చూసి అదే దారి అనుకోవడం. అమెరికాలో 1992లో మొదలైన ‘రే గన్’ పత్రిక వాళ్లకి బాగా ఇష్టం. దాని డిజైనర్ డేవిడ్ కార్సన్ ఓసారి గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ విసుగ్గా ఉందని, మొత్తం బొమ్మ గుర్తుల ఫాంటులో వేసేశాడు. ఒక్క ముక్క చదవడానికి లేదు. ఈ కథ అందరూ చెబుతారు. అదే సంచికలో వెనక పేజీల్లో ఆ ఇంటర్వ్యూ మామూలు అక్షరాల్లో మళ్లీ వేశారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అంత మొండివాడి పత్రికలో కూడా చదవాలనుకున్నవాడికి దారి మూసేయలేదు.

2. డమ్మీ కట్టండి

డమ్మీ అంటే ఖాళీ కాగితాలతో కట్టే నమూనా పుస్తకం. తొమ్మిది కాగితాలూ ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకి మడవండి. పై కాగితం కవర్, లోపలి ఎనిమిదీ కలిసి 32 పేజీలు. పెన్సిలుతో నంబర్లు వేసి ఏ పేజీలో ఏమొస్తుందో రాయండి. ఈ పని పది నిమిషాలది. దీన్ని ఎగ్గొట్టినవాళ్లు చివరి రోజు 34 పేజీల ఫైలుతో ప్రెస్‌కి వెళ్లి తెల్లమొహం వేస్తారు. పిన్నింగ్ పుస్తకంలో పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. ప్రెస్ వాళ్లు 8, 16 పేజీల ఫారాల (ఒకే పెద్ద షీటు మీద కలిసి అచ్చయ్యే పేజీల) లెక్క చెబుతారు, అది కూడా అడిగి పెట్టుకోండి.

డమ్మీ చేతిలో ఉంటే రెండు విషయాలు కంటికే తెలుస్తాయి. ఎడమా కుడీ పేజీలు ఒకే కాగితం మీద పడే చోటు లోపల ఒక్కటే, 16-17. రెండు పేజీల మీదా పరుచుకునే ఫోటో అక్కడైతే అతుకు లేకుండా వస్తుంది. వేరే చోట పెడితే తంబుర దండి ఒక పేజీలో కాస్త పైకి, పక్క పేజీలో కాస్త కిందికి పడే ప్రమాదం ఉంది. రెండోది, మడిచాక లోపలి కాగితాలు కొంచెం బయటికి పొడుచుకొస్తాయి. వాటిని సమంగా కోసేటప్పుడు అంచు పోతుంది. అందుకే పేజీ నంబరు అంచుకి కనీసం 8 మి.మీ. లోపల ఉండాలి.

సావనీర్ వేసేవాళ్లకి ఒక మాట. మొదటి పది పేజీలూ శుభాకాంక్షలు, దాతల ఫోటోలు, ప్రకటనలు వేయడం మనవాళ్ల పద్ధతి. విద్వాంసుడి ఫోటో కంటే ముఖ్య అతిథి ఫోటో పెద్దది కావడం కూడా పద్ధతే అయిపోయింది. తప్పదగ్గ పద్ధతుల్లో మొదటిది ఇదేనని నా అభిప్రాయం. ‘మధ్య 4 పేజీలూ మంచి ఆర్ట్ పేపర్ మీద రంగుల్లో మీవే’ అని కమిటీకి చెప్పి చూడండి. చాలాసార్లు ఒప్పుకుంటారు.

3. పేరు రాసే తీరు

నెలకో, మూడు నెలలకో వచ్చే పత్రికైతే ముందు పేరు ఖాయం చేసుకోండి. 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2023 నాటి కొత్త చట్టం ప్రకారం పత్రిక పేరు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదు కావాలి. మీరు కోరిన పేరు దొరక్కపోవచ్చు. పేరు చేతికి రాకముందే ఆర్టిస్టు చేత అక్షరాలు గీయించి డబ్బిచ్చి, తర్వాత తల పట్టుకున్నవాళ్లని చూశాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంగ్లీషు పత్రికల కవర్ మీద గాయకుడి తల పేరులోని ఒకటి రెండు అక్షరాల మీదికి వస్తుంది. అక్కడ అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అందంగానే ఉంటుంది. తెలుగులో అలాగే చేస్తే కొంప మునుగుతుంది. మన గుడులూ కొమ్ములూ తలకట్లూ అక్షరం నెత్తి మీదో పక్కనో ఉంటాయి, ఒత్తులు కాళ్ల దగ్గర ఉంటాయి. పత్రిక పేరు ‘గీతి’ అనుకోండి. నెత్తి కప్పితే ‘గత’ మిగులుతుంది. ‘స్వరం’ కాళ్లు కప్పితే ‘సరం’ అవుతుంది.

ఎలా చేయాలంటే:

- తలని అక్షరం మీదికి కాకుండా రెండు అక్షరాల సందులోకి పంపండి. అందుకోసం ఫోటోని పక్కకి జరపండి, అక్షరాల మధ్య ఎడం పెంచకండి.
- కప్పక తప్పకపోతే దీర్ఘం, గుడి, ఒత్తు లేని అక్షరాన్ని ఎంచుకుని నడుము భాగం మాత్రమే కప్పండి.
- లేదంటే పేరుని చిన్నదిగా చేసి మూలకి పంపేయండి. బ్రిటన్‌లో 1986 నుంచి 2020 దాకా నడిచిన ‘క్యూ’ సంగీత పత్రిక పేజీ వెడల్పంతా పేరు పరవలేదు. పై ఎడమ మూల ఎర్ర చదరంలో తెల్ల అక్షరం ఒక్కటే. పద్ధతి తప్పారు, కానీ ప్రతి నెలా అదే చోట, అదే ఎరుపు.

సరిచూసుకోవడం: తల కప్పిన కవర్‌ని, పత్రిక పేరు తెలియని మనిషికి చూపించి పైకి చదవమనండి. ఒక్క క్షణం తడబడినా ఫోటో జరపండి.

4. కవర్

ఇంగ్లీషు డిజైన్ పాఠాల్లో ముఖ్యమైన మాటలన్నీ ఎడమ మూడో వంతులో పెట్టాలని రాసి ఉంటుంది. అక్కడి షాపుల్లో పత్రికలు ఒకదాని పక్కన ఒకటి అరల్లో నిలబెడితే ఎడమ అంచు మాత్రమే కనిపించేది కాబట్టి ఆ పద్ధతి పుట్టింది. మన దగ్గర బస్టాండు బడ్డీలో పత్రికలు తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు, లేదా బల్ల మీద ఒకదాని మీద ఒకటి మెట్లలా పేరుస్తారు. అక్కడ కనిపించేది పై భాగం. కాబట్టి అతి ముఖ్యమైన శీర్షిక పేరు కిందనే, పై మూడో వంతులో పెట్టండి. మీ పత్రిక బడ్డీకే వెళ్లదు, వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతుందంటే లెక్క ఇంకోటి: కవర్ బొటనవేలి గోరంత సైజులో కనిపిస్తుంది. అప్పుడు కవర్ మీద పేరు, ముఖం, ఒక్క శీర్షిక చాలు.

ఒక్క పెద్ద శీర్షిక, మూడు చిన్నవి. కవర్ మీద నాలుగింటికి మించి రాస్తే పెళ్లి శుభలేఖ అవుతుంది.

ఫోటో దగ్గర సంగీత పత్రికలకే ప్రత్యేకమైన పొరపాటు ఒకటుంది. నేను కూడా చేశాను. ఫోటోలో మనిషి పేజీ లోపలికి చూడాలి, బయటికి చూడకూడదు అన్నది మంచి పద్ధతే. దాని కోసం ఫోటోని అద్దంలోలా తిప్పేస్తారు. మామూలు మనిషైతే ఎవరూ పట్టుకోరు. వీణ వాయించే ఆవిడ ఫోటో తిప్పితే ఆవిడ కుడివైపు ఉండాల్సిన కుండ ఎడమవైపుకి వస్తుంది, మీటే చెయ్యి మారిపోతుంది, పైట కుడి భుజం మీదికి వెళ్తుంది. వయొలిన్ విద్వాంసుడు ఎడం చేత్తో కమాను పడతాడు. ఆ పత్రిక చదివేవాళ్లందరూ సంగీతం తెలిసినవాళ్లే. నాకు ఫోన్లు మూడు రోజులు ఆగలేదు. ఫోటో తిప్పకండి. వ్యాసాన్ని ఎదుటి పేజీకి మార్చండి.

సైజు: అంచుల దాకా వచ్చే ఫోటోకి నాలుగు వైపులా 3 మి.మీ. అదనంగా కావాలి. అంటే 216 × 303 మి.మీ., 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర సుమారు 2551 × 3579 పిక్సెళ్లు. ఇంతకంటే బాగా తక్కువ ఉంటే ఆ ఫోటోని సాగదీయకండి. చిన్నదిగానే పెట్టి చుట్టూ ఒకే రంగు నింపండి. చిన్న ఫోటో, బోలెడు ఖాళీ, ఇది కూడా పద్ధతి తప్పడమే. కొన్నిసార్లు ఈ పేదరికం వల్లే మంచి కవర్లు వస్తాయి.

5. లోపలి పేజీలు

ఇంగ్లీషు టెంప్లేట్ (ముందే తయారైన పేజీ నమూనా) దించుకుని అందులో తెలుగు పోయడం మన దగ్గర అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. ఆ టెంప్లేట్ కొలతలు ఆ లిపివి. మనకి ఇలా మార్చుకోవాలి.

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి ‘వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. ఇది మరిస్తే ఒత్తులు విడివిడిగా పడతాయి. ‘నా కంప్యూటర్లో తెలుగు రావట్లేదు’ అని వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే. ఎంచుకున్నాక ఒక ఖాళీ పేజీలో ఈ మాటలు టైపు చేసి చూడండి: స్వాతంత్ర్యం, జ్యోత్స్న, తీక్ష్ణం, జ్ఞానం, ఋషభం, ఱెక్క, వాఁడు, దుఃఖం. ఒక్కటి చెడినా ఆ ఫాంటు మీకు వద్దు. కీర్తనల సాహిత్యంలో అరసున్నలూ విసర్గలూ వస్తాయి, మర్చిపోకండి.

లోపలి మార్జిన్ 20 మి.మీ., బయట 15, మధ్య సందు 5 పెడితే రెండు కాలమ్‌లూ ఒక్కోటి 85 మి.మీ. వస్తాయి. ఇది తెలుగుకి సుఖమైన వెడల్పు. మూడు కాలమ్‌లు చేస్తే ఒక్కోటి 55 మి.మీ. అందులో ‘వాగ్గేయకారులందరిలోనూ’ లాంటి మాట పడిందంటే లైన్లో రెండే మాటలు మిగిలి, వాటి మధ్య బండి పట్టేంత ఖాళీ వస్తుంది. మూడు కాలమ్‌లే కావాలంటే రెండు వైపులా సమం చేయకుండా ఎడమవైపు మాత్రమే సమంగా ఉంచండి.

మేటర్ 11 పాయింట్లు ఉంటే లైన్ల దూరం 17. ఇంగ్లీషులో 13 సరిపోతుంది, మనకి పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. ఫాంటుని బట్టి ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ.

చేయకూడనివి మూడు. అక్షరాల మధ్య ఎడం పెంచకండి, ఒత్తు అమ్మని వదిలిన పిల్లాడిలా పక్కకి పోతుంది. వాలు అక్షరాలు వాడకండి, తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు, చాలా ఫాంట్లలో సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. కృతి పేరు విడిగా కనిపించాలంటే కొటేషన్ గుర్తులో, వేరే రంగో చాలు. వ్యాసం మొదటి అక్షరాన్ని మూడు లైన్ల ఎత్తుకి పెంచే అలవాటు ఉంటే, ‘శ్రీ’ లాంటి అక్షరం దగ్గర ఆగి చూడండి. కంటికి ఒక్కటైనా కంప్యూటర్‌కి అది నాలుగు ముక్కలు. విడిపోతే ఆ అక్షరాన్ని వేరే ఫ్రేమ్‌లో పెట్టండి.

కొందరు ఇంకా అను ఫాంట్లలో టైపు చేసిన మేటర్ పంపుతారు. అచ్చుకి బాగానే ఉంటుంది, కానీ అది యూనికోడ్ కాదు. రేపు పీడీఎఫ్‌లో ‘త్యాగరాజు’ అని వెతికితే దొరకదు. ముందే యూనికోడ్‌కి మార్చి, మార్చాక మళ్లీ ప్రూఫ్ చదవండి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి.

6. స్వరలిపి పేజీ

సంగీత పత్రికలో పరీక్ష పేజీ ఇది. దీనికి రెండు కాలమ్‌ల పద్ధతి తప్పక తీరదు. కారణం ఉంది: ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఒక లైన్లో ఉండాలి. మధ్యలో విరిగితే పాడేవాళ్ల చేతిలో తాళం పోతుంది.

స్పేస్ బార్ కొట్టి స్వరాల్ని వరసలో నిలబెట్టకండి. ఫాంటు మారగానే అంతా కదిలిపోతుంది. పట్టిక వేయండి, గీతలు కనిపించకుండా. సరళీ వరసకి ఆదితాళం ఎనిమిది గళ్లు:

స రి గ మ | ప ద | ని స ||

ఆదితాళ వర్ణమైతే తాళాక్షరానికి నాలుగు చొప్పున 32 స్వరాలు. పేజీ మొత్తం వెడల్పు 175 మి.మీ.లో ఒక్కో స్వరానికి ఐదున్నర మిల్లీమీటర్లు కూడా రావు. ఇరుకనిపిస్తే తాళంలో మొదటి సగమైన లఘువు 16 స్వరాలు ఒక లైను, రెండో సగమైన రెండు ద్రుతాలు కలిపి 16 ఇంకో లైను. అలా విరిచినప్పుడే విరుపు తాళం మీద పడుతుంది.

తారస్థాయి (పై స్థాయి) స్వరం మీద పెట్టే చుక్క ఇంకో తలనొప్పి. ‘స’ మీద తలకట్టు, ‘ని’ మీద గుడి ఉంటాయి కాబట్టి చుక్క వాటికి అతుక్కుంటుంది. అక్షరం మీద చుక్క టైపు చేయబోతే చాలా ఫాంట్లలో చుక్కల వలయం ఒకటి ప్రత్యక్షమవుతుంది. నేను చేసేది: పట్టికలో మూడు వరసలు. పైది సన్నగా, చుక్కల కోసమే. మధ్యది స్వరం. కిందిది సాహిత్యం. మంద్రస్థాయి (కింది స్థాయి) స్వరాలుంటే స్వరానికీ సాహిత్యానికీ మధ్య ఇంకో సన్న వరస. విసుగు పనే, కానీ ఒకసారి చేసి దాచుకుంటే ప్రతి సంచికకీ పనికొస్తుంది.

సరిచూసుకోవడం: ప్రింటు తీసి, ఆ కృతి రాని విద్యార్థి చేత తాళం వేస్తూ పాడించండి. ఎక్కడ ఆగితే అక్కడ మీ తప్పుంది. అక్షరదోషాలు పట్టడంలో దీన్ని మించిన ప్రూఫ్ రీడింగ్ నాకు తెలియదు.

7. ఇప్పుడు పద్ధతి తప్పండి

ఇంతవరకూ ఒద్దికగా వచ్చారు కాబట్టి, ఒక్క చోట తెగించవచ్చు. కొన్ని దారులు:

*మధ్య పేజీలు అడ్డంగా.* 16-17 పేజీల్ని పుస్తకం తిప్పి చూసే పోస్టర్‌లా వేయడం. తేలిక, ఖర్చు లేదు, పిల్లలకి ఇష్టం.

*ముఖం లేని కవర్.* మృదంగం మీద కరణి అనే నల్ల మచ్చ దగ్గర నుంచి తీసిన ఫోటో, వీణ మెట్ల వరస, నాదస్వరం రంధ్రాల మీద వేళ్లు. ఇలాంటప్పుడు మాత్రం శీర్షిక గూఢంగా ఉండకూడదు. ఎవరి గురించో సూటిగా పేరు రాయండి.

*రంగులు తగ్గించడం.* నాలుగు రంగులకి బదులు నలుపు, ఇంకో రంగు. నాలుగు ప్లేట్ల చోట రెండే కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. ర్యాప్ పత్రికకి పసుపు మీద నలుపు, జానపదానికి ఇటుక ఎరుపు బాగుంటాయి.

*నెమ్మదిగా తప్పడం.* 1980లలో లండన్ ‘ది ఫేస్’ పత్రికకి నెవిల్ బ్రోడీ డిజైన్ చేసేవాడు. విషయసూచిక పేజీ మీది శీర్షిక అక్షరాల్ని సంచిక సంచికకీ కొంచెం కొంచెం విరగ్గొట్టుకుంటూ పోయాడు. చివరికి అది అక్షరంలా కాదు, గుర్తులా మిగిలింది. పాఠకుడు ప్రతి నెలా చూస్తున్నాడు కాబట్టి దారి తప్పలేదు. ఏడాదికి నాలుగు సంచికలైనా వేసేవాళ్లకే ఇది.

ఎంచుకున్నది ఏదైనా గట్టిగా చేయండి. శీర్షిక రెండు డిగ్రీలు వాలితే ప్రెస్ వాళ్లు వంకరగా పెట్టారనుకుంటారు. ఇరవై డిగ్రీలు వాలితే కావాలని చేశారని తెలుస్తుంది.

వద్దని చెప్పేవి కూడా ఉన్నాయి. నల్ల పేజీ మీద చిన్న తెల్ల తెలుగు అక్షరాలు. ఒక సావనీర్‌లో ఎనిమిది పేజీలు అలా వేశాను, అదీ నాలుగు రంగులు కలిపిన నలుపు మీద 9 పాయింట్లలో. రంగులు వెంట్రుకవాసి పక్కకి జరిగాయి, ఒత్తులన్నీ సిరాలో మునిగిపోయాయి. తప్పు నాదే. అలాంటి పేజీ కావాలంటే 12 పాయింట్లు, లావు అక్షరం, నాలుగైదు లైన్లు. అంతే.

8. హక్కులు

త్యాగరాజ స్వామి (1767–1847) కృతుల సాహిత్యం ఎవరైనా వేసుకోవచ్చు. నిన్నమొన్నటి సినిమా పాట సాహిత్యం మొత్తం వేయకూడదు, కవి మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. ఫోటోకీ అంతే, తీసినవారు మరణించాక 60 ఏళ్ల దాకా. ‘గూగుల్‌లో దొరికింది’ అనేది అనుమతి కాదు. ఫోటో తీసినవారి పేరు చిన్నగానైనా పక్కన వేయండి. కచేరీ ఫోటో కింద గాయకుడి పేరొక్కటే వేసి వయొలిన్, మృదంగం వాళ్లని వదిలేయకండి, ‘ఎడమ నుంచి’ అని వరసగా అందరి పేర్లూ రాయండి.

9. ప్రెస్‌కి పంపేముందు

- ఫోటోలు సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతి) లోకి మార్చండి. స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ, ముదురు నీలం అచ్చులో చప్పబడతాయి. ముందే చూసుకుంటే గుండె ఆగదు.
- మేటర్ అక్షరాలు నలుపు ఒక్కటే, 100 శాతం. వర్డ్ నుంచి అతికించిన మేటర్‌లో నాలుగు రంగుల నలుపు దూరుతుంది. ఇన్‌డిజైన్‌లో ‘సెపరేషన్స్ ప్రివ్యూ’ తెరిచి నలుపుని ఆపేయండి. పేజీలో ఇంకా అక్షరాలు కనిపిస్తే అవి తప్పు నలుపు.
- ఫాంట్లన్నీ పీడీఎఫ్‌లో పొదిగి ఉండాలి. వేరే కంప్యూటర్లో తెరిచి చూడండి.
- పేజీలు ఒక్కొక్కటిగా పంపండి, జంటలుగా కాదు. జతపరచడం ప్రెస్ వాళ్ల పని.

అచ్చు వేయకుండా పీడీఎఫ్‌గానే పంచేవాళ్లకి ఇవన్నీ అక్కర్లేదు. వాళ్లకి ఒకటే: ఫోన్లో ఏ4 రెండు కాలమ్‌లు చదవడం నరకం. ఏ5 సైజు, ఒకే కాలమ్, 14 పాయింట్లు.

10. నలుగురి చేత చూపించండి

కవర్ ప్రింటు గోడకి అంటించి మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. తర్వాత దాన్నే ఫోన్లో గోరంత చేసి చూడండి. రెండు చోట్లా పత్రిక పేరు చదవగలగాలి.

పత్రిక గురించి తెలియని ఒకరికి కవర్ ఐదు సెకన్లు చూపించి దాచేయండి. ‘ఇదేం పత్రిక?’ అని అడగండి. ‘ఏదో సినిమా పుస్తకం’ అన్నారంటే కర్ణాటక సంగీత పత్రిక కవర్ మళ్లీ మొదలు.

ఇంకొకరికి పూర్తి డమ్మీ ఇచ్చి, ఫలానా ఇంటర్వ్యూ తీయమనండి. పావు నిమిషం దాటితే విషయసూచికో పేజీ నంబర్లో చెడ్డాయి. అందం కోసం పేజీ నంబర్లు తీసేసిన పేజీలు ఇక్కడే దొరుకుతాయి.

చివరగా మీరు పద్ధతి తప్పిన పేజీ చూపించి ఊరుకోండి, ఏమీ చెప్పకండి. ‘ఇక్కడేదో తప్పు పడినట్టుంది’ అంటే ఇంకా గట్టిగా చేయండి, లేదా మానేయండి. ‘ఇదేంటి ఇలా ఉంది?’ అని పుస్తకం దగ్గరికి లాక్కున్నారంటే దాన్ని అలాగే వదిలేయండి, ఇంకేమీ చేర్చకండి.

ప్రెస్ నుంచి కలర్ ప్రూఫ్ (అచ్చుకి ముందు పంపే రంగుల నమూనా) వస్తే సంతకం పెట్టేముందు స్వరలిపి పేజీ, కవర్ మీది పేర్లు, ఫోటోల కింది పేర్లు మళ్లీ ఒకసారి అక్షరం అక్షరం చదవండి. బైండింగ్ మొదలయ్యాక మొదటి పది కాపీల్లో ఒకటి తెప్పించుకుని 16-17 తెరిచి చూడండి. పిన్ను సరిగ్గా మడత మీద పడకపోతే మిగతావాటికి అప్పుడే ఆపించాలి.